స్థలపురాణం, స్థానిక చరిత్ర: కేడ్స్ కోవ్ తొలి కుటుంబాల కథనాలపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, బ్లౌంట్ కౌంటీలో గ్రేట్ స్మోకీ పర్వతాల నడుమ ఉన్న లోయ కేడ్స్ కోవ్. 1818లో అక్కడ మొదలైన శ్వేతజాతి స్థిరనివాసాన్ని గురించి కుటుంబ స్మృతులు, యాత్రికుల రచనలు, చరిత్ర గ్రంథాలు, జాతీయ ఉద్యానవనంలో నిలిపి ఉంచిన కట్టడాలు పరస్పరం పొసగని కథలు చెబుతాయి. డర్వుడ్ డన్ 1988లో ప్రచురించిన గ్రంథం కేంద్రంగా ఈ వ్యాసం ఆ కథనాలను పోల్చి చూస్తుంది. ‘తొలి కుటుంబం’ అనే భావన ఒక ప్రాంత చరిత్రను ఏ విధంగా కుదించిందో, తొలి కుటుంబాన్ని కీర్తించిన ఊహ ఆ కుటుంబపు వారసులకే ఏ విధంగా ఎదురు తిరిగిందో వివరిస్తుంది.

కీలకపదాలు: అపలాచియా, స్థానిక చరిత్ర, తొలి కుటుంబాలు, చెరోకీలు, కుటుంబ స్మృతి, జాతీయ ఉద్యానవనం.

1. ఉపోద్ఘాతం

ఏ ఊరికైనా ఒక ఆరంభకథ ఉంటుంది. ఎవరో ఒకరు వచ్చి, అడవి నరికి, ఇల్లు కట్టి, వంశాన్ని నిలిపారనే నమ్మకం చుట్టూ ఆ కథ అల్లుకుంటుంది. అమెరికాలో ఈ కథకు అచ్చురూపం ఇచ్చిన ప్రక్రియ కౌంటీ చరిత్ర. పందొమ్మిదో శతాబ్ది చివరి భాగంలో ఇటువంటి సంపుటాలు విరివిగా వెలువడ్డాయి. గుడ్‌స్పీడ్ సంస్థ 1886–87 సంవత్సరాల్లో ప్రచురించిన టెనెసీ చరిత్ర వీటిలో ప్రసిద్ధమైనది. కౌంటీల వారీగా సంక్షిప్త చరిత్ర, దాని వెంట స్థానిక ప్రముఖుల జీవితరేఖలు ఉండటం ఈ సంపుటాల సాధారణ నిర్మాణం. వీటి ప్రచురణ చాలావరకు చందాదారుల ఆదరణపై ఆధారపడింది. కాబట్టి గ్రంథం వెలువడే నాటికి ఆ ప్రాంతంలో నిలదొక్కుకొని ఉన్న కుటుంబాలకు వాటిలో సహజంగానే పెద్దపీట దక్కింది.

ఈ ప్రక్రియకు మూలమైన ఊహ ఒకటి ఉంది. మొదట వచ్చిన కుటుంబం, ఊరును నిర్మించిన కుటుంబం, చివరివరకు మిగిలిన కుటుంబం ఒక్కటేనన్నది ఆ ఊహ. ఈ మూడింటి అభేదాన్ని అంగీకరిస్తే చరిత్ర వంశవృక్షంగా మారుతుంది. ఊరి కథ స్థలపురాణంగా స్థిరపడుతుంది. స్థలపురాణానికి దానిదైన విలువ ఉంది. ఒక సమూహం తన్ను తాను ఎలా చూసుకున్నదో అది చెబుతుంది. అయితే దానిని చరిత్రకు ప్రత్యామ్నాయంగా స్వీకరించినప్పుడు కొందరు మనుషులు కనిపించకుండా పోతారు. ఆ అదృశ్యం ఎలా జరుగుతుందో అంచెలంచెలుగా గుర్తించటానికి తగినన్ని ఆధారాలు కేడ్స్ కోవ్ విషయంలో లభిస్తున్నాయి.

2. స్థలం, కాలం

చుట్టూ కొండలు మూసి ఉండి నడుమ చదునైన నేల గల లోయను ఆ ప్రాంతపు ఇంగ్లీషులో ‘కోవ్’ అంటారు. కేడ్స్ కోవ్ అడుగున సున్నపురాయి ఉండటం వల్ల పరిసరాల కొండనేలతో పోలిస్తే అక్కడి భూమి సారవంతమైనది. చెరోకీలు ఈ చోటును ట్సియాహి, అంటే నీటికుక్కల చోటు, అని పిలిచేవారు. కేడ్స్ కోవ్ అన్న పేరు కూడా ఒక చెరోకీ నాయకుని పేరు నుంచి వచ్చిందని సంప్రదాయం చెబుతుంది.

లోయ చేరిన బ్లౌంట్ కౌంటీ 1795లో, టెనెసీ రాష్ట్రంగా అవతరించటానికి ఒక సంవత్సరం ముందు, ఏర్పడింది. నాటి ప్రాదేశిక గవర్నరు విలియం బ్లౌంట్ పేరు కౌంటీకి, ఆయన భార్య మేరీ పేరు కౌంటీ కేంద్రమైన మేరీవిల్‌కు వచ్చాయి. కౌంటీ ఏర్పడిన తరువాత కూడా రెండు దశాబ్దాలకు పైగా కేడ్స్ కోవ్ చెరోకీల భూభాగంగానే ఉంది. 1819లో జరిగిన కాల్హూన్ ఒప్పందంతో అది వారి చేయి దాటింది.

లోయలో తొలి శ్వేతజాతి స్థిరనివాసులుగా జాన్ ఆలివర్, లుక్రీషియా దంపతులను పేర్కొంటారు. జాన్ ఆలివర్ 1812 యుద్ధంలో పాల్గొన్న సైనికుడు. టెనెసీ ఈశాన్య భాగంలోని కార్టర్ కౌంటీ నుంచి, జాషువా జోబ్ అనే వ్యక్తి ప్రోత్సాహంతో, వారు 1818లో ఇక్కడికి వచ్చారు. ఒప్పందానికి అది ముందటి సంవత్సరం. అంటే ‘తొలి కుటుంబం’ అడుగుపెట్టిన నేలపై ఆ రోజుకు వారికి చట్టరీత్యా ఏ హక్కూ లేదు. ఆరంభకథ కీర్తించే తేదీలోనే ఈ చిక్కు దాగి ఉంది.

3. తొలి శీతకాలం: స్మృతి దాచుకున్న సాక్ష్యం

ఆలివర్ కుటుంబంలో తరతరాలుగా చెప్పుకున్న వృత్తాంతం ఒకటి ఉంది. వారిని తీసుకువచ్చిన జోబ్ కార్టర్ కౌంటీకి తిరిగి వెళ్ళిపోయాడు. పంట పండించుకొనే వ్యవధి లేకుండానే చలికాలం వచ్చింది. ఆకలితో ఉన్న ఆ దంపతులకు చెరోకీలు ఎండబెట్టిన గుమ్మడి వరుగులు ఇచ్చారు. వాటితోనే వారు చలికాలం గడిపారు. 1819 వసంతంలో జోబ్ పశువుల మందతో తిరిగి వచ్చి, వారి అసంతృప్తిని చల్లార్చటానికి రెండు పాడిఆవులను ఇచ్చాడు.

ఈ వృత్తాంతాన్ని సాధారణంగా తొలి వలసదారుల సహనానికి, కష్టసహిష్ణుతకు నిదర్శనంగా చదువుతారు. అయితే అందులో ఉన్న వివరాలు వేరొక అర్థాన్ని సూచిస్తాయి. గుమ్మడి వరుగులు ఉన్నాయంటే వాటి వెనుక సాగుభూమి ఉండాలి, పంటను కోసి, ఎండబెట్టి, చలికాలానికి నిల్వచేసే గృహవ్యవస్థ ఉండాలి, మిగులు ఉండాలి. నిర్జనారణ్యంలో గుమ్మడి వరుగులు దొరకవు. కాబట్టి ‘మానవసంచారం లేని అడవిలో తొలి ఇల్లు’ అన్న భావనను ఖండించే సాక్ష్యం ఆ భావనను మోసుకొచ్చిన కథలోనే ఉంది.

ఆ కథలో దాతలకు పేర్లు లేకపోవటం మరొక గమనించదగిన అంశం. దంపతుల పేర్లు, వారిని రప్పించినవాని పేరు, అతడు ఇచ్చిన ఆవుల సంఖ్య సైతం నిలిచాయి. ప్రాణం నిలిపినవారు మాత్రం ‘చెరోకీలు’ అనే సమూహనామంగా మిగిలారు. ఇందులో దురుద్దేశాన్ని వెదకవలసిన పని లేదు. కుటుంబ స్మృతి కుటుంబం కోసం పనిచేస్తుంది. వంశానికి పనికివచ్చే పేర్లను దాచుకుంటుంది. చరిత్రకారుడు ఆ స్మృతిని తోసిపుచ్చకూడదు, ఉన్నదున్నట్లు అప్పగించకూడదు. అది ఉద్దేశించని సాక్ష్యాన్ని కూడా దాని నుంచి రాబట్టాలి. 1838లో చెరోకీలను బలవంతంగా పశ్చిమానికి తరలించినప్పుడు వేలాదిమంది దారిలోను, నిర్బంధ శిబిరాల్లోను మరణించారు. తరలింపును తప్పించుకొని మిగిలినవారి సంతతి నేటికీ అదే పర్వతశ్రేణికి నార్త్ కరోలినా వైపున, క్వాలా బౌండరీలో నివసిస్తున్నది. తొలి కుటుంబాల కథనంలో వరుగుల ప్రస్తావన ఉంటుంది. ఇచ్చినవారు తరువాత ఏమయ్యారన్న ప్రశ్న ఆ కథ పరిధిలోకి రాదు.

4. ఆద్యత్వం, యాజమాన్యం

మొదట వచ్చినవారే ఊరికి కర్తలన్న ఊహ భూమి దస్తావేజుల ముందు నిలవదు. 1821లో లోయలో విస్తారమైన భూములను చేజిక్కించుకున్నవాడు విలియం టిప్టన్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఈయన టెనెసీ రాజకీయాల్లో పేరున్న కర్నల్ జాన్ టిప్టన్ కుమారుడు. ఆ భూములను ఆయన తన కుమారులకు, బంధువులకు విక్రయించాక వలస ఊపందుకుంది. ఆలివర్ దంపతులది శ్రమతో కూడిన ఆద్యత్వం. టిప్టన్‌ది పలుకుబడి, పెట్టుబడి, రాజకీయ సంబంధాలతో కూడిన యాజమాన్యం. స్థలపురాణం ఈ రెంటినీ ‘తొలి కుటుంబాలు’ అనే ఒకే పద్దు కింద చేరుస్తుంది.

తరువాత వచ్చినవారి వివరాలు కూడా ఈ కోణం నుంచి గమనింపదగినవి. జర్మన్ మూలాలున్న రైతు పీటర్ కేబుల్ కట్టలు, తూములతో లోయ పడమటి భాగంలోని చిత్తడినేలను సాగుకు తెచ్చాడు. 1827లో డేనియల్ ఫూట్ ఇనుప కొలిమిని స్థాపించాడు. 1835లో వచ్చిన రాబర్ట్ షీల్డ్స్ ఫోర్జ్ క్రీక్ వాగుపై చిన్న నీటిమరను, అతని కుమారుడు ఫ్రెడరిక్ పిండిమరను నెలకొల్పారు. నీటిపారుదల నైపుణ్యం, లోహపరిశ్రమ, భూవ్యాపారం దుంగల ఇంటి ముందు గొడ్డలి పట్టుకొని నిలబడిన ఒంటరి మనిషి చిత్రంలో ఇమిడేవి కావు. విల్మా డనవే 1996లో ప్రచురించిన ‘ది ఫస్ట్ అమెరికన్ ఫ్రాంటియర్’ గ్రంథం దక్షిణ అపలాచియా అంతటినీ పరిగణించి, స్థానికేతర భూస్వాములు, భూవ్యాపారులు ఒకవైపు, భూమి లేని కుటుంబాలు మరొకవైపు ఆ సరిహద్దు సమాజంలో ఆరంభం నుంచే ఉన్నారని వాదించింది. ఆ వాదన వెలుగులో చూస్తే లోయలోని తొలి కుటుంబాలన్నీ సమానస్థాయి కలిగిన స్వతంత్ర రైతులన్న చిత్రానికి సవరణ అవసరమవుతుంది.

5. వెళ్ళిపోయినవారు

1850 నాటి జనగణన కేడ్స్ కోవ్‌లో 650కి పైగా జనాన్ని చూపుతుంది. పదేళ్ళు తిరిగేసరికి ఆ సంఖ్య 300 లోపుకు పడిపోయింది. అంతర్యుద్ధం ఇంకా మొదలు కాలేదు. పశ్చిమాన కొత్త భూములు అందుబాటులోకి రావటంతో సగానికి పైగా జనం తరలిపోయారు.

తొలి కుటుంబాల కథనం ఎదుర్కోవలసిన అసలైన సంఖ్యలు ఇవి. వచ్చినవారిలో అధికసంఖ్యాకులు నిలవలేదు. అడవి నరికి, నేల చదును చేసి, బిడ్డలను కని, కొందరిని అక్కడే పాతిపెట్టి వెళ్ళిపోయినవారు కూడా ఆ లోయను నిర్మించినవారే. అయితే వారి గురించి రాయటానికి స్థానికంగా వారసులు మిగలలేదు. స్థానిక చరిత్రను మిగిలినవారి మనుమలు రాస్తారు. కాబట్టి మిగలటమే ఒక సద్గుణంగా, వేళ్ళూనుకోవటమే ఆ ప్రాంతపు సహజలక్షణంగా కనిపిస్తుంది. కొండప్రజలు కదలని ప్రజలన్న అభిప్రాయానికి ఈ ప్రక్రియాగత లోపం ఒక మూలం. ‘తొలి కుటుంబాలు’ అని వ్యవహరిస్తున్నవి నిజానికి మిగిలిన కుటుంబాలు. ఈ తేడాను గుర్తించకపోతే వంశవృక్షం జనగణనను కప్పివేస్తుంది.

6. ఏకాంతమనే కల్పన

మిగిలినవారి చరిత్రకు బయటి నుంచి బలం చేకూర్చిన రచనలు ఉన్నాయి. కెంటకీలోని బెరియా కళాశాల అధ్యక్షుడు విలియం గుడెల్ ఫ్రాస్ట్ 1899లో ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో రాసిన వ్యాసం దక్షిణ పర్వతప్రాంత ప్రజలను ‘సమకాలీన పూర్వీకులు’గా వర్ణించింది. సానుభూతితో, విద్యావ్యాప్తి కోసం రాసిన వ్యాసమే అయినా, ఆ మాట జీవించి ఉన్న మనుషులను గతకాలానికి అప్పగించింది. 1904లో స్మోకీ పర్వతాల నార్త్ కరోలినా వైపుకు చేరిన హొరేస్ కెఫార్ట్ 1913లో ‘అవర్ సదరన్ హైలాండర్స్’ వెలువరించాడు. పరిశీలనలో నిశితమైన ఆ గ్రంథం సైతం పాఠకుల మనసుల్లో నాటుసారా బట్టీలు, వేట, ఒంటరి గుడిసెల చిత్రాన్నే స్థిరపరచింది. అపలాచియా అనే భావన ఈ విధంగా సాహిత్యంలో, సంస్కరణోద్యమాల్లో రూపుదిద్దుకున్న తీరును హెన్రీ షాపిరో 1978లోనే విశదీకరించాడు.

కేడ్స్ కోవ్‌పై డన్ చేసిన పరిశోధన ఈ చిత్రాన్ని ఒక నిర్దిష్ట స్థలంలో నిలిపి పరీక్షించింది. లోయకు 1833 నాటికే తపాలా కార్యాలయం ఉంది. 1850ల నాటికి పొరుగు లోయకు, మాంట్‌వేల్ స్ప్రింగ్స్‌కు రహదారులు ఉన్నాయి. కొండనెత్తాన ఉన్న గడ్డిమైదానాల్లో మేపిన పశువులు నాక్స్‌విల్ సంతలకు తరలేవి. చర్చి చరిత్ర మరింత బలమైన సాక్ష్యాన్ని ఇస్తుంది. 1827లో ఏర్పడిన బాప్టిస్టు సంఘం 1839లో మతప్రచార సంస్థల ఆమోదయోగ్యతపై వచ్చిన వివాదంతో చీలి, ప్రచార వ్యతిరేకులు ప్రిమిటివ్ బాప్టిస్టులయ్యారు. అదే వివాదం ఆ దశకంలో అమెరికా బాప్టిస్టు సమాజమంతటినీ కుదిపింది. బయటి ప్రపంచంతో సంబంధం లేని లోయకు జాతీయస్థాయి ధార్మిక వివాదం చేరటం, చేరి ఇరుగుపొరుగును విడదీయటం సాధ్యం కాదు.

7. డన్ గ్రంథం: బలం, పరిమితి

డన్ గ్రంథపు ప్రధాన బలం కాలాన్ని విభజించి చూడటం. అంతర్యుద్ధానికి ముందు లోయ సంతకు, రాజకీయాలకు, వలసలకు తెరుచుకొని ఉందని, యుద్ధానంతరం బంధుత్వాల చుట్టూ ముడుచుకుపోయిందని ఆయన వాదించాడు. లోయవాసుల్లో అధికులు యూనియన్ పక్షాన నిలిచారు. నార్త్ కరోలినా వైపు నుంచి వచ్చిన కాన్ఫెడరేట్ దోపిడీ దళాలు వారిని వేధించాయి. ప్రతిఘటనకు నాయకత్వం వహించిన వృద్ధుడు రసెల్ గ్రెగరీ 1864లో హతుడయ్యాడు. యుద్ధకాలంలో ప్రిమిటివ్ బాప్టిస్టు చర్చి మూతపడింది. కాబట్టి ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో యాత్రికులు చూసిన ముడుచుకున్న సమాజం తొలి వలసకాలపు శేషం కాదు. అది యుద్ధం చేసిన గాయపు ఫలితం. ఫలితాన్ని మూలంగా భ్రమించటం ఫ్రాస్ట్ వంటివారి పొరపాటు. ఈ ఒక్క నిర్ధారణే డన్ గ్రంథాన్ని స్థానిక చరిత్ర రచనలో మైలురాయిగా నిలబెట్టటానికి చాలు.

పరిమితి మరొక చోట ఉంది. గ్రంథపు ఉపశీర్షిక ఒక దక్షిణ అపలాచియన్ సమాజపు జీవన్మరణాలకు 1818–1937 అనే అవధులు గీస్తుంది. 1937ను మరణంగా నిర్ణయించటానికి బలమైన కారణం ఉంది. 1818ని జననంగా స్వీకరించటంలో మాత్రం స్థలపురాణపు ఆద్యత్వ భావన మిగిలిపోయింది. 1819 ఒప్పందాన్ని ఒక సమాజపు అంతంగా లెక్కిస్తే అదే లోయకు రెండు మరణాలు ఉంటాయి. రెండూ రాజ్యం తీసుకున్న నిర్ణయాల ఫలితాలే. మొదటి మరణాన్ని పూర్వరంగంగా మాత్రమే చూడటం వల్ల రెండో దానితో దానికి గల పోలిక వాదంగా ఎదగలేదు.

ఆధారాల స్వభావం నుంచి పుట్టిన పరిమితి కూడా ఉంది. భూమి దస్తావేజులు, చర్చి నిర్ణయాల పుస్తకాలు, పన్ను పట్టికలు గృహయజమానులైన పురుషులను పేరుతో చూపినంతగా స్త్రీలను చూపవు. లుక్రీషియా ఆలివర్ భర్త మరణానంతరం పాతికేళ్ళు జీవించి 1888లో కన్నుమూసింది. తొలి చలికాలాన్ని అనుభవించి, దాని జ్ఞాపకాన్ని మూడో తరానికి అందించగలిగినంత కాలం బ్రతికిన సాక్షి ఆమె. అయినా నేడు సందర్శకులకు చూపే దుంగల ఇల్లు జాన్ ఆలివర్ ఇల్లుగానే ప్రసిద్ధం.

8. దృశ్యంగా మారిన కథనం

గ్రేట్ స్మోకీ పర్వతాల జాతీయ ఉద్యానవనానికి 1926లో అమెరికా కాంగ్రెస్ అనుమతి ఇచ్చింది. 1934లో అది అధికారికంగా ఏర్పడింది. తమ భూములు ఉద్యానవనంలో చేరవన్న హామీలు మొదట లోయవాసులకు అందాయి. ఆ హామీలు నిలవలేదు. నిర్బంధ భూసేకరణ మొదలైంది. తొలి ఆలివర్‌కు మునిమనుమడైన జాన్ డబ్ల్యూ. ఆలివర్ ఏళ్ళ తరబడి న్యాయస్థానాల్లో పోరాడి ఓడిపోయి, 1937లో లోయను విడిచాడు. ఇల్లిల్లూ తిరిగి తపాలా బట్వాడా చేసినవాడు, పర్యాటకులకు విడిది నడిపినవాడు అతడు. ‘సమకాలీన పూర్వీకుల’ చిత్రంలో ఇమడని ఆధునికుడు.

తరువాత జరిగినది విమర్శకు అత్యంత ముఖ్యమైన అంశం. లోయలోని ఆధునికమైన ఇళ్ళను ఉద్యానవన అధికారులు చాలావరకు తొలగించి, తొలి వలసకాలాన్ని సూచిస్తాయనుకున్న దుంగల ఇళ్ళను, కొట్టాలను నిలిపి ఉంచారు. కేబుల్ మర పరిసరాలకు ఇతర చోట్ల నుంచి కొన్ని కట్టడాలను తరలించారు. రంపపు పలకలతో ఇళ్ళు కట్టుకొని, 1890లలోనే మేరీవిల్ వరకు టెలిఫోను తీగ వేసుకున్న సమాజపు గుర్తులు ఆ విధంగా చెరిగిపోయాయి. భూదృశ్యాన్ని ఒక పాఠంగా చదివితే, ఈ పాఠాన్ని పరిష్కరించినవారు వందేళ్ళకు పైబడిన రచనలో మొదటి, సరళమైన పుటలను ఉంచి మిగిలినవాటిని చించివేశారని చెప్పవచ్చు. ఏటా లక్షలాది సందర్శకులు చదివే పాఠం అదే.

ఇక్కడ ఒక వైపరీత్యం స్పష్టమవుతుంది. తొలి కుటుంబాలను ఆరాధించిన ఊహకు వారి పూర్వీకులు కావాలి. వారసులు అవసరం లేదు. కదలని, మారని మనుషులన్న చిత్రం బలపడినకొద్దీ, మారుతూ జీవిస్తున్న మనుషుల హక్కులు ఆ చిత్రంలో కనిపించకుండా పోయాయి. 1818 నాటి అరణ్యం నిర్జనమన్న కల్పన చెరోకీలను మాపివేసినట్లే, 1930ల నాటి లోయ కాలం గడవని ఊరన్న కల్పన ఆలివర్ మునిమనుమడిని మాపివేసింది. రెండు సందర్భాల్లోనూ నేల ఖాళీ కావటానికి ముందే కథనం దానిని ఖాళీ చేసింది. రెండింటి క్రౌర్యం సమానమని దీని అర్థం కాదు. ఒక జాతిని వేల మరణాల మీదుగా తరలించటం వేరు, పరిహారమిచ్చి భూమి తీసుకోవటం వేరు. వాటికి దారి సుగమం చేసిన కథనరీతిలో మాత్రం పోలిక ఉంది.

9. ముగింపు

కేడ్స్ కోవ్ కథనాల పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, ‘తొలి కుటుంబం’ అన్నది చారిత్రక వాస్తవం కంటే ఎంపిక ఫలితం. వచ్చిన అనేకుల్లో మిగిలిన కొందరికి తరువాతి తరం ఇచ్చిన పేరు అది. రెండవది, కుటుంబ స్మృతి అవిశ్వసనీయమని తోసివేయవలసినది కాదు. గుమ్మడి వరుగుల వృత్తాంతం వలె, అది తన వాదానికి వ్యతిరేకమైన సాక్ష్యాన్ని సైతం భద్రపరుస్తుంది. దానిని జనగణనతో, దస్తావేజులతో, చర్చి పుస్తకాలతో కలిపి చదవాలి. మూడవది, ప్రాంతకథనం గ్రంథాలకే పరిమితం కాదు. ఏ ఇల్లు నిలపాలి, ఏ ఇల్లు కూల్చాలి అనే నిర్ణయాల్లో అది నేల మీద అమలవుతుంది.

డన్ గ్రంథం ఏకాంతమనే కల్పనను సమర్థంగా తొలగించింది. ఆద్యత్వమనే కల్పనను తొలగించే పని ఇంకా మిగిలి ఉంది. అందుకు లోయ చరిత్రను 1818కి ముందు నుంచి మొదలుపెట్టి, 1850–60 నడుమ వెళ్ళిపోయినవారి వెంట పశ్చిమానికి, 1838లో తరలింపునకు గురైన చెరోకీల వెంట వారి కొత్త నేలకు సాగే పరిశోధన అవసరం. అప్పుడు ఆలివర్ దంపతుల తొలి చలికాలపు కష్టం తగ్గిపోదు. ఆ కష్టంలో చేయి అందించినవారు కూడా ఆ లోయ చరిత్రలో స్థానం పొందుతారు.